మిసిసిపి పల్లెలో ఇల్లు చూశాం, ఇంటర్నెట్ సంగతి తేలడం లేదు

పైన్‌బెల్ట్ నాన్న (మిసిసిపి)

అందరికీ నమస్కారం. మా ఆవిడ పిల్లల డాక్టర్. రెసిడెన్సీ అయ్యాక జే-1 వేవర్ (వీసా అయ్యాక స్వదేశానికి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు) మీద మిసిసిపిలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరుతోంది. ఆ మినహాయింపు ఇచ్చే కాన్రాడ్ 30 పథకం కింద మూడేళ్లు చెయ్యాలి కాబట్టి మకాం ఇక్కడే. హాటీస్‌బర్గ్ నుంచి గంట ప్రయాణం. నాది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్, వీడియో కాల్స్. తనకి ఆన్‌కాల్ ఉన్న రాత్రులు ఇంట్లోంచే ఆసుపత్రి సిస్టమ్‌లోకి వెళ్లి రిపోర్టులు, ఎక్స్‌రేలు చూడాల్సి వస్తుంది.

అద్దెకి ఒక ఇల్లు బాగా నచ్చింది. చుట్టూ పైన్ చెట్లు, వెనకాల చిన్న చెరువు, ఆసుపత్రికి పావుగంట. ఒక పెద్ద కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ అడ్రస్ కొడితే సర్వీసు ఉందని చూపించింది. ఫోన్ చేస్తే మొదట సరే అన్నారు. తరవాత వేరే మనిషి ఫోన్ చేసి, కేబుల్ మా రోడ్డు మొదట్లోనే ఆగిపోయింది, ఇంటిదాకా లాగాలంటే వేల డాలర్లు మీరే పెట్టుకోవాలి అన్నాడు. అద్దె ఇంటికి అంత ఎవరు పెడతారు? ఇంట్లో ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రం.

లీజు మీద ఇంకా సంతకం పెట్టలేదు. అమెరికా పల్లెల్లో ఉంటున్నవాళ్లు, ఇంకే దేశంలోనైనా పల్లెల్లో ఉంటున్నవాళ్లు, మీరేం వాడుతున్నారో చెప్పండి.

కొండగాలి (మోంటానా)

ఉపగ్రహాల నుంచి డిష్‌కి ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ పెట్టించుకోండి. మా పక్కింటికీ మాకూ మధ్య మైలున్నర దూరం, ఇక్కడ ఏ తీగా రాదు. మూడు శీతాకాలాలు దాటాయి, మంచు పడితే డిష్ తనే వేడెక్కి కరిగించుకుంటుంది. నేనూ ఇంటి నుంచే పని చేస్తాను, వీడియో కాల్స్‌కి ఇబ్బంది లేదు. డౌన్‌లోడ్ 100 పైనే వస్తుంది, అప్‌లోడ్ 10 నుంచి 20 ఎంబీపీఎస్ మధ్య. నెలకి 120 డాలర్ల ప్లాన్ మాది. కొన్ని ప్రాంతాల్లో ఇంకా తక్కువకే ఇస్తున్నారు, మీ అడ్రస్ పెట్టి చూడండి.

నెట్‌వర్క్ శాస్త్రి (డాలస్)

కొండగాలి గారి మాటకి ఒక జాగ్రత్త చేరుస్తాను. శాటిలైట్ ఇంటర్నెట్ అని ఎవరైనా అమ్మజూపితే ఏ శాటిలైటో అడగండి. పాత తరహా శాటిలైట్లు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మీరు ఒక బటన్ నొక్కితే ఆ సంకేతం పైకెళ్లి కిందికి రావాలి, జవాబు మళ్లీ పైకెళ్లి కిందికి రావాలి. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు అర సెకను అక్కడే పోతుంది, మిగతావన్నీ కలిపితే 600 మిల్లీసెకన్లు దాటుతుంది. స్పీడు టెస్టులో 50 ఎంబీపీఎస్ కనిపించినా వీపీఎన్ మీద రిమోట్ డెస్క్‌టాప్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌ని ఇక్కణ్ణుంచి నడపడం) తెరిస్తే మౌస్ మీరు కదిపిన కాసేపటికి కదులుతుంది. డాక్టర్ గారు వాడే ఆసుపత్రి సిస్టమ్ కూడా సాధారణంగా రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలోనే నడుస్తుంది. దానికి స్పీడు కంటే ఆలస్యం లేకపోవడం ముఖ్యం.

స్టార్‌లింక్ ఉపగ్రహాలు 500 కిలోమీటర్లకి అటూఇటూ ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆలస్యం 25 నుంచి 60 మిల్లీసెకన్లలో ఉంటుంది. అందుకే అది పనికొస్తుంది. కాకపోతే అది రోజంతా ఒకేలా ఉండదు, ఒకే ప్రాంతంలో వాడేవాళ్లు ఎక్కువైతే సాయంత్రాలు తగ్గుతుంది. ఫైబర్, అంటే గాజు తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్, దొరికే అవకాశం ఇసుమంత ఉన్నా ముందు దానికోసమే ప్రయత్నించండి.

పైన్‌బెల్ట్ నాన్న

ఇద్దరికీ ధన్యవాదాలు. స్టార్‌లింక్ యాప్‌తో ఇంటి ముందు నిలబడి ఆకాశం స్కాన్ చేశాను. దాదాపు అంతా ఎర్రగా, అంటే అడ్డు ఉన్నట్టు, చూపించింది. ఇక్కడ పైన్ చెట్లు ఇంటి కంటే మూడు నాలుగు రెట్లు ఎత్తు. ఇంటి యజమాని చెట్లు కొట్టనివ్వడు, నాకూ కొట్టాలని లేదు.

కొండగాలి

ఇంటి ముందు చూస్తే చాలదు, స్థలమంతా తిరిగి చూడండి. అమెరికాలో డిష్ ఉత్తరం వైపు కాస్త వాలి చూస్తుంది కాబట్టి ఉత్తరాన తెరిపి ఉన్న చోటు కావాలి. చెరువు ఉందన్నారుగా, దాని దక్షిణం గట్టు మీద నిలబడి స్కాన్ చెయ్యండి. నీళ్ల మీద చెట్లు మొలవవు, అంత మేర ఆకాశం దొరుకుతుంది. కిట్‌తో వచ్చే కేబుల్ 15 మీటర్లు, విడిగా 45 మీటర్లది అమ్ముతారు. గొట్టం పాతి దాని మీద డిష్ బిగించి, కేబుల్‌ని పైపులో పెట్టి నేలలో పూడిస్తే కలుపు కోసే మిషన్ తగలకుండా ఉంటుంది.

ఇంకోటి. ఒకటి రెండు కొమ్మలు అడ్డం వస్తే ఏమవుతుందిలే అనుకోకండి. ఉపగ్రహం ఆ కొమ్మ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ కొన్ని సెకన్లు తెగుతుంది. సినిమా చూసేటప్పుడు అది తెలియదు. వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు ప్రతిసారీ తెలుస్తుంది.

టుపెలో బాబాయ్ (ఉత్తర మిసిసిపి)

బాబూ, మిసిసిపిలో ఉంటూ కరెంటు బిల్లు ఎవరికి కడతారో ఇంతవరకూ ఎవరూ అడగలేదే. ముందు అది చూడు. మన రాష్ట్రంలో పల్లెల్లో కరెంటు ఇచ్చేది ఎక్కువగా సహకార సంఘాలు. 2019 దాకా వాటికి ఇంటర్నెట్ ఇచ్చే హక్కు చట్టం ప్రకారం లేదు. ఆ ఏడాది జనవరిలో మిసిసిపి బ్రాడ్‌బ్యాండ్ ఎనేబ్లింగ్ యాక్ట్ వచ్చింది, అప్పట్నుంచి ఒక్కో సంఘం తన కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగుతోంది. మా వైపు టోంబిగ్‌బీ ఫైబర్ అలా వచ్చిందే. పెద్ద కంపెనీలు లెక్కలేసుకుని వదిలేసిన రోడ్లకి, ఒకే ఒక్క ఇల్లున్న రోడ్లకి కూడా లాగారు. ఎందుకంటే ఆ ఇంట్లో ఉండేవాడు సంఘంలో సభ్యుడు.

ఇది ఈ నేలకి కొత్త కాదు. 1930ల మధ్యలో అమెరికాలో పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలకి కరెంటు లేదు. ఇళ్లు దూరదూరంగా ఉంటే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు వెళ్లలేదు. 1934లో మా పక్కనే కొరింత్‌లో ఆల్కార్న్ కౌంటీ రైతులు, ఊరివాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. 1935లో రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టాడు, మరుసటేడు చట్టం అయింది, అప్పులు దొరికాయి, దేశమంతా సంఘాలు పుట్టాయి. ఇప్పుడు ఫైబర్ దగ్గర అదే పంచాయితీ మళ్లీ వచ్చింది, అవే సంఘాలు మళ్లీ ముందుకొచ్చాయి. నాకు దీని మీద గట్టి అభిమానం ఉంది, దాచుకోను.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. ఆ ఇంటి కరెంటు మీటరు మీద సంఘం పేరు చూడు. వాళ్ల ఆఫీసుకి ఫోన్ కాదు, మనిషిగా వెళ్లు. ఈ రోడ్డుకి ఫైబర్ ఏ దశలో ఉందని అడుగు. 'మేక్-రెడీ' అయిందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఫైబర్ కట్టే ముందు స్తంభం మీద ఉన్న పాత తీగల్ని సర్దాలి, పాతబడ్డ స్తంభాలు మార్చాలి. నెలలు పట్టేది అక్కడే. అది అయిపోయి ఉంటే ఫైబర్ లాగడం, ఇంటికి దించడం త్వరగానే జరుగుతాయి.

ఆ వెబ్‌సైట్ సంగతి కూడా వదలొద్దు. ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ) బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో ప్రతి ఇంటికీ ఒక చుక్క ఉంటుంది. ఒక కంపెనీ ఆ చుక్క దగ్గర సర్వీసు ఉందని రాసిందంటే, అడిగిన పది పనిదినాల్లో మామూలు ఖర్చుతో కనెక్షన్ ఇవ్వగలగాలి. వేల డాలర్లు అడిగితే ఆ రాత తప్పు. మ్యాప్‌లోనే ఇది తప్పని ఛాలెంజ్ పెట్టే బటన్ ఉంది. వాళ్లు నీతో అన్నది, తేదీ, ఈమెయిల్ ఉంటే దాని ఫోటో జతచెయ్యి. కంపెనీ 60 రోజుల్లో జవాబు చెప్పాలి. నీకు ఈ నెలలో కనెక్షన్ రాదు దానివల్ల. కానీ ప్రభుత్వం డబ్బు ఇచ్చేది ఆ మ్యాప్ చూసే. 2021 చట్టం కింద, ఇంటర్నెట్ లేని చోట్లకి దాన్ని చేర్చే బీడ్ పథకానికి 4,245 కోట్ల డాలర్లు కేటాయిస్తే అందులో మిసిసిపి వాటా 120 కోట్లు. మ్యాప్‌లో ఇంటర్నెట్ ఉందని అబద్ధంగా పడిపోయిన ఇల్లు ఆ లెక్కలోకే రాలేదు.

సిరిసిల్ల పోరడు (అర్కాన్సా)

బాబాయ్ రాసింది చదివి ఊకోలేక రాస్తున్న. మాది సిరిసిల్ల. మా కాడ కరెంటు ఇచ్చేది సెస్, సహకార సంఘమే. 1970ల మొదలైంది. అప్పుడు దేశంల అయిదు చోట్ల ఇసొంటి సంఘాలు పెట్టిన్రు, వాటికి నడిపేటి తీరు చెప్పింది ఈ అమెరికా కరెంటు సంఘాల పెద్ద సంస్థ ఎన్‌ఆర్‌ఈసీఏ. అంటే కొరింత్‌ల పుట్టిన ముచ్చట మా మరమగ్గాల దాకా వచ్చింది. మా నాయిన సెస్ డైరెక్టర్ల ఎన్నికలల్ల ఓటేస్తడు, నేనిక్కడ మా సంఘం బోర్డుకు ఓటేస్త.

అన్నా, నీకు పనికొచ్చే మాట ఒకటి. కిరాయి ఇల్లయినా కరెంటు కనెక్షన్ నీ పేరు మీదనే తీస్కో. అప్పుడు చాలా సంఘాలల్ల నువ్వే సభ్యునివి. ఏడాదికొకసారి సభ్యుల మీటింగు పెడతరు. మా రోడ్డుకు ఫైబర్ ఎప్పుడస్తదని నేను ఆ మీటింగులనే లేచి అడిగిన. మ్యాప్ తెచ్చి చూపిచ్చిన్రు, ఎక్కడ ఆగిందో చెప్పిన్రు. కస్టమర్ కేర్ నంబరుకు ఆ జవాబు దొరకదు.

గోదారి గట్టు (అలబామా)

పైన్ చెట్ల మధ్యే ఉంటున్నామండి మేము కూడా. ఫైబర్ వచ్చేదాకా 5జీ హోమ్ ఇంటర్నెట్ (ఫోన్ టవర్ నుంచి ఇంటికి వచ్చేది)తో నెట్టుకొచ్చాం, దాని సంగతి చెప్తాను.

ఫోన్‌లో 5జీ అని కనిపించినంత మాత్రాన సరిపోదండి. 600 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చెట్లలోంచి దూరంగా వస్తుంది గానీ స్పీడు తక్కువ. 2.5 గిగాహెర్ట్జ్‌ది స్పీడు బాగుంటుంది, అంత దూరం రాదు, చెట్లు తడిస్తే ఇంకా తగ్గుతుంది. మీకు వచ్చేది ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. కొన్ని గేట్‌వేల (ఇంట్లో ఆ సిగ్నల్ పట్టే పెట్టెల) యాప్‌లోనే బ్యాండ్ పేరు రాస్తాడు: ఎన్71 అంటే మొదటిది, ఎన్41 అంటే రెండోది.

ఇంట్లో ఎక్కడ పెడతారన్నది కూడా చూసుకోవాలి. ఇక్కడి ఇళ్లకి రేకు పైకప్పులు ఎక్కువ, కిటికీ అద్దాలకి వేడి ఆపే పూత ఉంటుంది. రెండూ సిగ్నల్‌ని ఆపేస్తాయి. మేము గేట్‌వేని హాల్లోంచి తీసి టవర్ వైపున్న పడకగది కిటికీలో, తెర పక్కకి జరిపి పెట్టాక గానీ కుదురుకోలేదు. ఒక్కో టవర్ మీద ఇన్ని ఇళ్లకే అని పరిమితి కూడా ఉంటుంది. ఫోన్ పనిచేసినా హోమ్ ఇంటర్నెట్ లేదనొచ్చు. కొన్నాళ్లాగి మళ్లీ అడిగితే దొరకొచ్చు కూడాను.

రవ్వలడ్డు (అట్లాంటా)

ఇంత తిప్పలెందుకు? ఊళ్లోనే ఇల్లు తీసుకోండి. ఆ చిన్న ఊరి నడిమధ్యలో కేబుల్ ఉంటుందిగా. ఉద్యోగం నడవాలంటే ఇంటర్నెట్ ముందు, చెరువు తరవాత.

పైన్‌బెల్ట్ నాన్న

రవ్వలడ్డు గారూ, అదీ చూశాం. ఊళ్లో అద్దెకి ఉన్నవి బాగా తక్కువ, ఉన్నవాటిల్లో మా అమ్మా నాన్నా వచ్చి ఆరు నెలలు ఉండటానికి చాలినంత ఇల్లు దొరకలేదు. నాన్నకి మోకాళ్ల నొప్పి, కింద గది కావాలి. ఈ ఇంట్లో అది ఉంది. అందుకే ఇంత పట్టు.

వెన్నెల (డబ్బో దగ్గర, న్యూ సౌత్ వేల్స్)

ఆస్ట్రేలియా నుంచి. ఇక్కడ మనవాళ్లు, పెద్ద నగరాల బయట ఉండాల్సిన 491 వీసా మీద రీజినల్ ఊళ్లకి చాలామంది వస్తున్నారు, వాళ్లకి కూడా ఈ చర్చ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ ఇంటి ఇంటర్నెట్ తీగలూ టవర్లూ చాలామటుకు ఎన్‌బీఎన్ అనే ప్రభుత్వ సంస్థవి, కంపెనీలు దాని మీద ప్లాన్లు అమ్ముతాయి. ఎన్‌బీఎన్ సైట్‌లో ఇంటి అడ్రస్ కొడితే ఆ ఇంటికి ఏ పద్ధతో చెప్తుంది: ఫైబరా, రాగి తీగా, టవర్ నుంచి ఇంటి యాంటెన్నాకి వచ్చే ఫిక్స్‌డ్ వైర్‌లెస్సా, స్కై మస్టర్ శాటిలైటా. లీజు మీద సంతకానికి ముందే చూడాల్సింది ఇదొక్కటే. ఒకే వీధిలో రెండిళ్లకి రెండు పద్ధతులు ఉండటం నేను చూశాను.

ఫిక్స్‌డ్ వైర్‌లెస్ అయితే దిగులు పడక్కర్లేదు. మనిషి వచ్చి ఇంటి మీద యాంటెన్నా బిగిస్తాడు, మామూలుగా దానికి డబ్బు తీసుకోరు. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకుంటేనే. స్కై మస్టర్ అని వస్తే మాత్రం శాస్త్రి గారు చెప్పిన 600 మిల్లీసెకన్లే. 2015లో ఒకటి, 2016లో ఒకటి పంపిన పెద్ద ఉపగ్రహాలవి. వాటి బదులు తక్కువ ఎత్తులో తిరిగే అమెజాన్ ఉపగ్రహాలు వాడతామని 2025లో ఎన్‌బీఎన్ ప్రకటించింది. అప్పటిదాకా ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఇక్కడ కూడా స్టార్‌లింకే పెట్టించుకుంటున్నారు.

చలిమిరి (లాంకషైర్, ఇంగ్లండ్)

బాబాయ్ గారి సంఘాల మాటకి ఇక్కడిది ఒకటి చెప్పాలి. మా దగ్గర బీ4ఆర్‌ఎన్ అని 2011లో ఊళ్లవాళ్లు పెట్టుకున్న సంస్థ ఉంది. పెద్ద కంపెనీ ఫైబర్ వెయ్యదని తేలాక రైతులే తమ పొలాల్లో కందకాలు తవ్వి ఫైబర్ వేసుకున్నారు. పొలంలోంచి తీగ వెళ్లనిచ్చినందుకు ఎవరూ అద్దె అడగలేదు. గొర్రెలు మేసే కొండ మీద ఇంటికి 1 గిగాబిట్ వస్తుంది, డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ అంతే. నేను జీపీ డాక్టర్‌ని, లండన్‌లో ఉన్నప్పుడు కూడా ఇంత స్పీడు చూడలేదు.

సంఘం లేని ఊళ్లో ఉంటే 2020 నుంచి హక్కుగా అడగొచ్చు: 10 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 1 అప్‌లోడ్. 3,400 పౌండ్ల దాకా ఖర్చు కంపెనీ భరించాలి, ఆపైన మనం. అమెరికాలో 2024లో బ్రాడ్‌బ్యాండ్ అంటే 100 డౌన్‌లోడ్, 20 అప్‌లోడ్ అని మార్చుకున్నాక ఆ 10 మరీ చిన్నగా కనిపిస్తోంది. దీన్ని పెంచాలని ఇక్కడ మేం అడుగుతూనే ఉన్నాం.

గోధుమచేను (సస్కచెవాన్, కెనడా)

చలిదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట: ఫైబర్ కోసం పేరు రాయించుకునేది ఎండాకాలంలో రాయించుకోండి. నేల గడ్డకట్టాక తవ్వరు, మళ్లీ మంచు కరిగేదాకా ఆగాల్సిందే.

పైన్‌బెల్ట్ నాన్న

బాబాయ్, మీరు చెప్పినట్టే సంఘం ఆఫీసుకి వెళ్లాను. ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆవిడ కంప్యూటర్‌లో మా రోడ్డు తెరిచి స్తంభాల నంబర్లతో సహా చూపించింది. మెయిన్ రోడ్డు మీద మేక్-రెడీ అయిపోయింది, మా పక్కరోడ్డులో మాత్రం కొన్ని స్తంభాలు మార్చాలి. వచ్చే వసంతానికి అంటున్నారు. అద్దెకున్నా సరే, యజమాని సంతకం చేసిన అనుమతి కాగితం ఉంటే ఇంటికి దించుతామన్నారు. ఆ కాగితం లీజుతో పాటే తీసుకుంటున్నాను.

చెరువు గట్టు మీద స్కాన్ కూడా చేశాను. గట్టు చివర పాత పడవ కట్టేసే చెక్కగుంజ దగ్గర నిలబడితే ఉత్తరం అంతా తెరిపి, యాప్ అడ్డేమీ లేదంది. అక్కణ్ణుంచి ఇంటి వెనక గోడకి 45 మీటర్ల లోపే. కాబట్టి వసంతం దాకా స్టార్‌లింక్, తరవాత ఫైబర్. మ్యాప్‌లో ఛాలెంజ్ కూడా పెట్టాను.

ఇంకొక్కటి అడగాలి. ఆన్‌కాల్ రాత్రి కరెంటు పోతే ఏం చెయ్యాలి? ఇక్కడ తుఫానులు ఎక్కువ అంటున్నారు.

నెట్‌వర్క్ శాస్త్రి

స్టార్‌లింక్ మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు తీసుకుంటుంది. కంప్యూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ మీద కాసేపే నడుస్తుంది, క్యాంపింగ్‌కి అమ్మే పెద్ద బ్యాటరీ డబ్బా అయితే రాత్రి గడుస్తుంది. ఫైబర్ వచ్చాక గోడకి పెట్టే పెట్టె, రౌటర్ కలిపినా అందులో నాలుగో వంతు కూడా తీసుకోవు, అదే డబ్బా చాలాసేపు వస్తుంది.

మెరుపుల సంగతి మరచిపోవద్దు. గట్టు మీద గొట్టం పాతుతున్నారు కాబట్టి దాన్ని తప్పకుండా ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ చేయించండి. దగ్గర్లో పిడుగు పడితే డిష్ కేబుల్ రాగి తీగ కాబట్టి ఆ దెబ్బ ఇంట్లోకి వస్తుంది. ఫైబర్ గాజు, దానిలోంచి రాదు.

ఎక్స్‌రేలకి మీ లైన్ బాగా సరిపోతుంది. సీటీ స్కాన్ మొత్తం దించుకోవాలంటే వందల మెగాబైట్లు ఉంటుంది, అప్పుడు కొద్దిగా ఆగాలి. వీడియో కాల్‌కి ఒక్కోదానికి 3–4 ఎంబీపీఎస్ చాలు, అయితే అది అప్‌లోడ్‌లో కూడా ఉండాలి. మీరిద్దరూ ఒకేసారి కాల్‌లో ఉన్నప్పుడు పిల్లల ఫోటోల బ్యాకప్ నడవకుండా రాత్రికి పెట్టుకోండి.

గోదారి గట్టు

ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం అన్నారు కాబట్టి వైఫై కాలింగ్ (ఇంటి ఇంటర్నెట్ మీదుగా ఫోన్ మాట్లాడటం) మీదే ఆధారపడతారు కదండీ. అది ఆన్ చేసేటప్పుడు అత్యవసర నంబరు 911 కోసం అడ్రస్ అడుగుతుంది, పాత ఊరి అడ్రస్ ఉంటే మార్చండి. మీ ఇద్దరి ఫోన్లలోనూ, అమ్మా నాన్నా వచ్చాక వాళ్లకి ఇక్కడ తీసిచ్చే ఫోన్లలోనూ. పల్లె రోడ్లకి అంబులెన్సు వచ్చేది ఆ అడ్రస్ చూసుకునేనండి. రోడ్డు మొదట్లో మెయిల్‌బాక్స్ మీద ఇంటి నంబరు చీకట్లో మెరిసే అంకెలతో అతికించండి, మా సంఘం వాళ్లే ఇచ్చారు మాకు.

టుపెలో బాబాయ్

శుభం. వసంతంలో వాళ్లు రాకపోతే ఊరుకోకు, ఆ స్తంభాల నంబర్లు రాసుకున్నావుగా, అవి చెప్పి అడుగు. రాష్ట్రంలో బీమ్ అని బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసు ఉంది, ఎక్కడా జవాబు దొరక్కపోతే వాళ్లకి రాయి. టుపెలో వైపు వస్తే ఇంటికి భోజనానికి రండి, డాక్టరమ్మని కూడా తీసుకురా.

పైన్‌బెల్ట్ నాన్న

తప్పకుండా వస్తాం బాబాయ్. ఎర్తింగ్‌కి ఎలక్ట్రీషియన్ శనివారం వస్తున్నాడు, 911 అడ్రసులు ఈ రాత్రే మార్చేస్తున్నాను. యజమాని అనుమతి కాగితం నమూనా ఇక్కడ పెడతాను, అద్దె ఇళ్లలో ఉన్న మిగతావాళ్లు కూడా వాడుకోవచ్చు.